గాలాల పెట్టె సంగతి

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

జయపురంలో ఇంట్లోనే ఫ్లైలు, అంటే చేపలకు వేసే ఈకల ఎరలు, కట్టి అమ్మాలని అనుకుంటున్నావనీ, అందుకు గాలాలు వందల లెక్కన తెప్పిస్తున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గాలం మీద ఈకలు పెట్టి దారం చుట్టే పని మన ఇంట్లో మగవాళ్లతోనే ఆగిపోతుందనుకున్నాను. నువ్వు చిన్నప్పుడు గాలాన్ని బిగించి పట్టుకునే వైస్ పక్కన నిలబడి దారం అందించేదానివి. నీ వేళ్లు మీ నాన్న వేళ్లే, తొందర లేని వేళ్లు.

కానీ ఫోను పెట్టేశాక నాకు వెంటనే నీ పాప గుర్తొచ్చింది. ఇప్పుడిప్పుడే పాకుతోంది కదా, నేల మీద ఏది దొరికినా నోట్లోకే. 18వ నంబరు గాలం బియ్యపు గింజ కన్నా పెద్దది కాదు. అందుకే కట్టడం గురించి ఏమీ రాయడం లేదు, అది నీకు వచ్చు. గాలాలు దాచడం గురించే రాస్తున్నాను. నీ ఇంట్లో ఉన్న ప్రతి గాలం ఏ క్షణాన ఎక్కడుందో నీకు తెలియాలి.

చాప మీద కూర్చుని కట్టవద్దు. బల్ల, కుర్చీ, బల్ల మీద అంచులున్న తెల్లటి పళ్లెం. కూర్చునే ముందు ఎన్ని గాలాలు తీశావో కాగితం మీద రాసుకో. లేచేటప్పుడు కట్టినవీ మిగిలినవీ కలిపి అదే లెక్క రావాలి. ఒక్కటి తగ్గినా పాపను ఆ గదిలోకి రానివ్వకు. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి నేలంతా తిప్పు, దొరుకుతుంది. ఎప్పుడైనా మింగిందని అనుమానం వస్తే కక్కించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఈ మాట రాయడానికే నా చెయ్యి ఆడడం లేదు, అయినా రాయాలి.

పెట్టె కొనేటప్పుడు అందం చూడకు. చవక పెట్టెల్లో అరల మధ్య గోడలకూ మూతకూ సందు ఉంటుంది, చిన్న గాలాలు పక్క అరలోకి జారిపోతాయి. ఒక్క అరలో నాలుగు 20వ నంబరు గాలాలు వేసి, మూత పెట్టి, తలకిందులు చేసి బాగా ఊపు. అవి ఉన్నచోటే ఉంటే కొను. ప్రతి అరకూ విడి మూత ఉన్న పెట్టె అయితే ఇంకా మేలు.

ఇక పొట్లాల సంగతి. దీని మీద నీకు విసుగు వచ్చేంత చెబుతాను, ఎందుకంటే ఇది మీ నాన్న కథ. చెప్పమని వాడే అన్నాడు.

ఆ రోజుల్లో ఇక్కడ గుణుపురంలో గాలాలు మాకు అంత సులభంగా దొరికేవి కావు. నేను ఉద్యోగం మీద హిమాచల్‌లో ఉన్నప్పుడు తీర్థన్ నది దగ్గర ట్రౌట్ చేపలు పట్టేవాళ్ల నుంచి కొన్నికొన్ని సంపాదించి మీ నాన్నకు పంపేవాణ్ని. కాగితపు పొట్లాల మీద నంబరు, రకం, గాలం చేసిన తీగ మందం అన్నీ ఉండేవి. ఇల్లు మారేటప్పుడు చోటు కలిసొస్తుందని వాడు పొట్లాలన్నీ చించేసి, గాలాలన్నిటినీ ఒకే బిస్కెట్ల డబ్బాలో పోశాడు. నంబరు కంటితో పోల్చుకోవచ్చని వాడి ధీమా. కాడ, అంటే గాలం నిటారు భాగం, దాని పొడవు పోల్చుకోవచ్చు, మొనకూ కాడకూ మధ్య నోటి వెడల్పు పోల్చుకోవచ్చు. తీగ మందంలో వెంట్రుకవాసి తేడాను దీపం వెలుగులో ఎవరు పోల్చగలరు? నీటిపై తేలే ఫ్లైకి సన్నని తీగ కావాలి, మునిగేదానికి లావు తీగ కావాలి. వాడు సన్నని తీగ గాలం మీద కప్ప బొమ్మ కట్టి చెరువులో కొర్రమీనుకు వేశాడు. చేప పట్టింది, కలుపు మొక్కల్లోకి ఒక్క గుంజు గుంజింది. గాలం నిటారుగా సాగి తిరిగి వచ్చింది. ఆ చేపను నేనూ చూశాను, పెద్దది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ వేసవిలో స్నేహితులతో గోపాల్‌పూర్ వెళ్లాడు. సముద్రపు నీటిలో తడిసిన గాలాలను గుడ్డతో తుడిచి అదే డబ్బాలో వేశాడు. తుడిస్తే నీరు పోతుంది గానీ ఉప్పు పోదు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. పైగా సముద్రంలో వాడు వేసినవి స్టెయిన్‌లెస్ గాలాలు. ఉప్పుతడిలో అవి మామూలు ఉక్కు గాలాలను తాకుతూ ఉంటే ఉక్కువే తొందరగా తుప్పు పడతాయి. వానాకాలం వెళ్లాక డబ్బా తెరిస్తే అడుగంతా ఎర్రటి పొడి. పైకి బాగున్నవి ఏరి, వాటి మీద కట్టాడు. దారం కింద దాగిన తుప్పు కనబడదు కదా. వంశధారలో ఒక చేప లాగినప్పుడు గాలం వంపు దగ్గర పుటుక్కున విరిగింది, మొన దాని నోట్లోనే ఉండిపోయింది. అది తప్పించుకున్నందుకు కాదు, ఇనుప ముక్కతో వెళ్లిందని మీ నాన్న ఆ రోజు అన్నం తినలేదు. నువ్వు పరాయివాళ్లకు అమ్మబోతున్నావు తల్లీ. విరిగిన గాలం వాళ్ల చేతిలో ఉంటుంది, నింద నీ పేరు మీద ఉంటుంది.

కాబట్టి పొట్లం చించినా చీటీ పారేయకు. కంపెనీ పేరు, నంబరు ఉన్న భాగాన్ని కత్తిరించి గాలాలతో పాటు అదే అరలో పెట్టు. నువ్వు రాసే చీటీలు పెన్సిలుతోనే రాయి, తేమకు సిరా చెదురుతుంది. కంపెనీ పేరు తప్పదు: మస్టాడ్ 12నూ టీమ్కో 12నూ పక్కపక్కన పెట్టి చూడు, రెండు కంపెనీల కొలత ఒకటే కానక్కరలేదు. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని నీకు తెలుసు. 1 కన్నా పెద్ద గాలాలకు మాత్రం 1/0, 2/0 అని నంబర్లు, అక్కడ అంకెతో పాటు గాలమూ పెరుగుతుంది, వాటిని వేరే పెట్టెలో పెట్టు. 2ఎక్స్ లాంగ్ అంటే దాని కాడ రెండు సైజులు పెద్ద గాలం కాడంత పొడవని. అది కూడా చీటీ మీద ఉండాలి.

అందరూ నంబరు వరసన సర్దుతారు. నా మాట వేరు. ముందు తీగ మందం, తర్వాత కాడ పొడవు, చివర నంబరు. నంబరు తేడా కన్ను పట్టేస్తుంది, తీగ తేడా పట్టదు. కంటికి చిక్కనిదాన్ని పెట్టె చూసుకోవాలి.

కొరాపుట్ వైపు వానలు నీకు చెప్పక్కరలేదు, ఆగస్టులో గోడలే చెమర్చుతాయి. రబ్బరు పట్టీతో బిగిసే పెద్ద డబ్బాలో ఈ పెట్టెలన్నీ ఉంచి తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వెయ్యి. రంగు మారే గుళికల్లో నీలిరంగువి వద్దు, వాటిలో కోబాల్ట్ ఉంటుంది, పాప ఉన్న ఇంట్లో అవి ఉండకూడదు. నారింజ రంగువి తీసుకో. అవి కూడా పాపకు అందకూడదు. రంగు మారాక ఓవెన్‌లో 110, 120 డిగ్రీల వేడి మీద ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. పెట్టెలో అయస్కాంతం ఉంచకు. గాలాలకే అయస్కాంత గుణం పట్టి ముద్దలా అతుక్కుంటాయి, ఒకటి తీయబోతే ఐదు వస్తాయి, ఆ ఐదో దాని గురించే నా భయమంతా.

నీటిలో తడిసిన ఫ్లై ఏదైనా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాక విడి డబ్బాలో పెట్టు. కొత్తవాటి దగ్గరికి రానివ్వకు.

గాలం మొన వెనక ఉండే ఎదురుముల్లును కట్టకముందే పట్టకారుతో నొక్కెయ్యి. నొక్కేటప్పుడు విరిగితే గాలం ఒక్కటే పోతుంది, నీ కష్టం పోదు. చేపకూ మేలు, మనిషి వేలికీ మేలు. ముల్లున్న గాలం లోతుగా దిగితే మాత్రం నువ్వు లాగవద్దు, డాక్టరే తీయాలి. కళ్లద్దాలు పెట్టుకుని కట్టు.

పెద్ద డబ్బాకు తాళం ఉండాలి. పాప ఎక్కలేని అలమర పైన పెట్టు. ఇప్పటికి ఎక్కలేదు, వచ్చే ఏటికి కుర్చీ జరుపుకుని ఎక్కుతుంది, మీ నాన్న కూడా అలాగే ఎక్కేవాడు.

ఆర్డరు ఇంకా పెట్టకపోతే రకరకాలు కలిపిన పెద్ద పొట్లాలు తెప్పించకు. ముందు రెండే రకాలు: కొర్రమీనుకు లావు తీగ 1/0, చిన్న చేపలకు మామూలు తీగ 12. అవి అమ్ముడయ్యాక మూడోది చూద్దాం. నా దగ్గరున్న విడి మూతల పెట్టె, మంచి పట్టకారు మీ నాన్నతో పంపుతున్నాను. పెట్టె అందగానే ఊపి చూసి ఫోను చెయ్యి. పాపకు ముద్దులు, అల్లుడికి ఆశీస్సులు.

మీ పెదనాన్న
గుణుపురం