యాభై ఏళ్ల దాంపత్యాన్ని వేడుకలో చూపించబోయే అమ్మాయికి

అమ్మాయీ,

మీ అమ్మానాన్నల పెళ్లికి 50 ఏళ్లు నిండుతున్నాయి, ఆ సాయంత్రం పాత సంగతులన్నీ అందరి ముందూ ఒకసారి తలుచుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. హాలు, అలంకరణ, భోజనాల సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ పనులు చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు. గడిచిన కాలాన్ని పోగుచేయడం మాత్రం ఇంట్లోవాళ్లే చేసుకోవాల్సిన పని. మూడు నెలల ముందే కూర్చో. మొదట మనుషులు, తర్వాత ఫోటోలు, చిట్టచివర వేదిక. చాలా ఇళ్లలో ఇది తలకిందులవుతుంది. పది రోజులు ఉందనగా ఎవరో ఒకరు ఫోన్లో దొరికిన ఫోటోలన్నీ వరసగా పెట్టి ఒక పాట తగిలిస్తారు. ఫోన్లలో ఉండేవి ఈమధ్య పదిహేనేళ్లవే కాబట్టి అంతకు ముందున్న 35 ఏళ్లూ రెండు పెళ్లి ఫోటోలతో తేలిపోతాయి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది. తెర మీద పడే ప్రతి ఫోటో, మైకులో వినపడే ప్రతి సంగతీ అంతకు ముందే ఇంట్లో వాళ్లిద్దరి ముందుకీ వచ్చి ఉండాలి. ఆశ్చర్యపరచాలని సరదాగా ఉంటే ఎవరెవరు వస్తున్నారన్నది దాచిపెట్టు. ఏం చూపిస్తున్నావన్నది దాచకు.

ఇద్దరినీ విడివిడిగా మాట్లాడించు. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరు చెబుతుంటే ఇంకొకరు "కాదు, అది ఆ ఏడాది కాదు" అంటారు, పది నిమిషాల్లో మాట సంవత్సరాల లెక్కల మీదికి పోతుంది. ఒక్కో విడత 40 నిమిషాలు మించనీయకు. పొద్దున్న పూట, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు అయితే మంచిది. ఒక్కొక్కరితో మూడు నాలుగు విడతలు పడుతుంది. రికార్డింగుకి ఫోన్ చాలు. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఉత్త బల్ల మీద పెడితే చెయ్యి తగిలిన ప్రతి చప్పుడూ పడుతుంది కాబట్టి మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్లకు మూరెడు దూరంలో ఉంచు. ఫ్యాన్ ఆపెయ్యి. అర నిమిషం రికార్డ్ చేసి విన్నాకే అసలు మాటలోకి దిగు.

"మీ దాంపత్యం ఎలా సాగింది?" అని అడిగితే "బాగానే సాగింది" అంటారు, అక్కడితో అయిపోతుంది. చేత్తో పట్టుకోగలిగే ప్రశ్నలు వెయ్యి. మొదట కాపురం పెట్టిన ఇంట్లో తలుపు తియ్యగానే ఏం కనపడేది? డబ్బు ఎక్కడ దాచేవాళ్లు, లెక్క ఎవరు రాసేవాళ్లు? ఇద్దరూ కలిసి కొన్న మొదటి వస్తువేది? పిల్లకు జ్వరమొస్తే రాత్రి లేచిందెవరు? దేని మీద ఎక్కువసార్లు పోట్లాడుకున్నారు, ముందు మాట కలిపిందెవరు? జవాబు ఆగిపోతే నువ్వు వెంటనే అందుకోకు, మనసులో ఐదు దాకా లెక్కపెట్టు. చాలాసార్లు అసలు సంగతి ఆ మౌనం తర్వాతే వస్తుంది. ఒకే సంఘటన గురించి ఇద్దరూ రెండు రకాలుగా చెబితే ఎవరిది నిజమో తేల్చే పని పెట్టుకోకు. రెండూ పక్కపక్కనే ఉంచు. సభలో జనం ఎక్కువ ఆనందించేది ఆ చోటే.

పెద్ద వయసులో ఎవరికైనా సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయి. జ్ఞాపకశక్తిని పరిశీలించినవాళ్లు మళ్లీ మళ్లీ గమనించిన విషయమిది. అందుకే పెళ్లి, మొదటి నాలుగైదేళ్లు ధారగా చెబుతారు. నడిమి పాతికేళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఏముంది, పిల్లలు, ఉద్యోగం" అని దాటేస్తారు. ఆ భాగాన్ని ఏళ్లవారీగా అడిగి లాభం లేదు. ఉన్న ఇళ్లవారీగా, పిల్లల చదువులవారీగా, ఉద్యోగాలవారీగా అడుగు. ఒక పెద్ద కాగితం మీద గీతలు గీసి ఎడమ పక్క ఏడాదులు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత పిల్లల వయసు, చివర పని అని నాలుగు గళ్లు చెయ్యి. ఖాళీ గడి కళ్ల ముందు కనపడితే వాళ్లే పూరిస్తారు.

ఇక ఫోటోలు. ఇక్కడే ఎక్కువ నష్టం జరిగేది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జిగురు పేజీ మీద ఫోటో అంటించి పైన ప్లాస్టిక్ పొర కప్పే పాత ఆల్బమ్‌లు ఉంటాయి చూడు, వాటిలోంచి ఫోటోను గోటితో లాగకు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు గట్టిపడుతుంది. లాగితే ఫోటో వెనక కాగితం పొర పేజీకే అంటుకుపోయి, ముందువైపు ముడత పడి పగులుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఒక మూల నుంచి ఫోటో కిందకి దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా కదుపు. కదలకపోతే వదిలెయ్యి, పేజీ పేజీగానే స్కాన్ చెయ్యి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోనైతే అసలు ముట్టుకోకు, అద్దంతో సహా స్కానర్ మీద పెట్టు.

మామూలు ప్రింటును స్కాన్ చేయడానికి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, సరిపోతుంది. 4 అంగుళాలు, 6 అంగుళాలు ఉన్న ఫోటో ఆ లెక్కన 2400 బై 3600 పిక్సెల్‌లు వస్తుంది. తెరకు 1920 బై 1080 చాలు కాబట్టి ఒక ముఖాన్ని దగ్గరగా చూపించడానికీ వెసులుబాటు ఉంటుంది. గుర్తింపు కార్డు సైజు చిన్న ఫోటోలకు 1200 పెట్టు. స్కానర్ అందుబాటులో లేక ఫోన్‌తో తీయాల్సి వస్తే ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట బల్ల మీద ఫోటోను పరిచి నిట్టనిలువుగా పైనుంచి తియ్యి. ప్రతి ఫోటోకీ వెనకవైపు కూడా ఒకటి తీసిపెట్టుకో, తేదీలు, పేర్లు అక్కడే ఉంటాయి. నువ్వు కొత్తగా పేరు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో రాయి. బాల్ పెన్ను ఒత్తితే ముందువైపు గీత తేలుతుంది.

1970ల నాటి రంగు ఫోటోలు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. చీకట్లో, ఆల్బమ్‌లో దాచినా సరే, అప్పటి కాగితంలో నీలిఛాయ ఇచ్చే రంగు ముందుగా వెలిసిపోయేది. స్కాన్ చేశాక రంగుల సమతూకం సరిదిద్దితే చాలావరకు తేరుకుంటాయి. నలుపు తెలుపు ఫోటోలకు మాత్రం యాప్‌లతో రంగులు వేయించకు. ఆ రంగు ఊహించి వేసింది. ఆ రోజు కట్టుకున్న బట్ట రంగేదో మీ అమ్మకు తెలుసు. మసకబారిన ముఖాలను పదును చేసే యాప్‌లూ అంతే, లేని కళ్లను, లేని పెదవులను కల్పిస్తాయి. 50 ఏళ్లు చూసిన ముఖంలో ఆ తేడా మీ నాన్న ఒక్క చూపులో పట్టేస్తారు.

చూపించడానికి 60 ఫోటోలు మించకూడదు. ఒక్కోటి ఆరు సెకన్లు ఉంచితే ఆరు నిమిషాలు. కింద పేరో ఊరో రాస్తే ఆ ఫోటోకి ఎనిమిది సెకన్లు ఇవ్వు. రెండు సెకన్లకొకటి చొప్పున 200 ఫోటోలు పరిగెత్తిస్తే పెద్దవాళ్లు ముఖం గుర్తుపట్టేలోపే వెళ్లిపోతుంది. నిలువు ఫోటోలను వెడల్పు తెరకు సరిపెట్టాలని సాగదీయకు, రెండేసి పక్కపక్కన పెట్టు. కెమెరా పట్టుకున్న మనిషి ఫోటోల్లో ఉండరన్నది మర్చిపోకు. చాలా ఇళ్లలో పదేళ్లపాటు తండ్రి ఒక్క ఫోటోలోనూ కనపడడు. అలాంటి చోట ఫోటోకి బదులు వస్తువును చూపించు. పాత లెక్కల పుస్తకంలో ఒక పేజీ తెరిచి చూడు: పైన ఒకరి చేతిరాతలో ఖర్చులు, కింద ఇంకొకరి చేతిరాతలో దిద్దిన కూడిక, పక్కన మార్జిన్‌లో కొనాల్సినవాటి జాబితా, అందులో ఒకటి కొట్టేసి "వచ్చే నెల" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ ఇరవై గ్రూప్ ఫోటోల పెట్టు.

మనసు నొచ్చే సంగతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. పోయిన బిడ్డ, అప్పులు, జబ్బు, కొన్నాళ్లు విడిగా ఉన్న రోజులు. చెప్పాలా వద్దా అన్నది నువ్వు తేల్చకు, విడివిడిగా అడుగు. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఇక వద్దు, నచ్చచెప్పే ప్రయత్నం కూడా చేయకు. పోయినవాళ్ల ఫోటో పెట్టేటట్టయితే అది ఏ చోట వస్తుందో ఇద్దరికీ ముందే తెలియాలి. వారం ముందు ఒక సాయంత్రం ఇంట్లో మొత్తం వేసి చూపించు. తప్పు పేర్లు, తప్పు తేదీలు అప్పుడే బయటపడతాయి. ఏడవాల్సిన ఏడుపు కూడా ఇంట్లోనే, నలుగురు చూడకుండా అయిపోతుంది.

ప్రసంగాలు రెండు చాలు: పిల్లల్లో ఒకరు, పాత స్నేహితుల్లో ఒకరు. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఒక్కటే సంఘటన. రాసుకున్నది గడియారం పెట్టుకుని పైకి చదివి చూడమను, మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే అనిపిస్తుంది. "వీళ్లిద్దరూ ఏనాడూ మాట అనుకోలేదు" అన్న వాక్యం ఉంటే కొట్టేయించు. అది ఎవరూ నమ్మరు, వాళ్లు సర్దుకున్న కష్టమంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

మాట్లాడుతున్నప్పుడు వెనక సంగీతం పూర్తిగా ఆపించు. వయసుతో వచ్చే చెవుడులో సన్నటి, హెచ్చు స్థాయి ధ్వనులు ముందు పోతాయి. గొంతు వినపడుతుంది గానీ స, ష, త లాంటి అక్షరాలు తెలియవు. దాని మీద సంగీతం కూడా ఉంటే ఏమీ అర్థంకాక ఊరికే నవ్వుతూ కూర్చుంటారు. నీ పనంతా ఎవరికోసమో వాళ్లకే వినపడకుండా పోతుంది.

వాళ్లిద్దరినీ మాట్లాడమంటే నిలబెట్టి మైకు చేతికివ్వకు. కుర్చీల్లో పక్కపక్కన కూర్చోబెట్టి నువ్వే మూడు ప్రశ్నలు అడుగు, ఆ ప్రశ్నలు ముందు రోజే చెప్పిపెట్టు. ఇద్దరిలో ఎవరికైనా జ్ఞాపకం సడలుతుంటే "గుర్తుందా?" అన్న మాట ఆ రోజంతా ఎవరి నోటా రాకుండా చూడు. అది పరీక్షలా తగులుతుంది. "ఇది మీరు మొదట కాపురమున్న ఇల్లు, ఇదిగో మెట్ల మీద అమ్మ" అని మనమే చెబితే వాళ్లకు తోచింది వాళ్లు కలుపుతారు, లేదా హాయిగా చూస్తారు.

ఇదంతా కలిపి 25 నిమిషాల్లో ముగించు, అదీ భోజనానికి ముందే. తర్వాత అయితే పెద్దవాళ్లు అలసిపోతారు, పిల్లలు గోల పెడతారు. హాల్లో ప్రొజెక్టర్‌ను ముందు రోజు అదే గంటకు వేసి చూడు, సాయంత్రం ఎండ ఏ కిటికీలోంచి పడుతుందో అప్పుడే తెలుస్తుంది. ఫైలు ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి, ఇంటర్నెట్ మీద ఆధారపడకు. రెండు పెన్‌డ్రైవ్‌లలో కాపీ, ల్యాప్‌టాప్ ఛార్జరు, స్పీకర్లకు తగిలించే వైరు నీ సంచిలోనే ఉంచుకో.

వేడుక అయ్యాక వారంలోపు ఎవరి ఫోటోలు వాళ్లకు తిరిగిచ్చెయ్యి. తీసుకున్నప్పుడే ఎవరివి ఎన్నో ఒక కాగితం మీద రాసుకుంటేనే అది సాధ్యం. స్కాన్‌లు, కత్తిరించని రికార్డింగులు మూడు కాపీలు చెయ్యి: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి మీ తమ్ముడి ఇంట్లో. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత ఊరు, మనుషుల పేర్లు పెట్టు.

మీ నాన్నతో మొదటి విడత ఈ ఆదివారమే పెట్టుకో. ఆయన ముందు నాకేం గుర్తులేదు అంటారు, కాగితం మీద గళ్లు గీసి చేతికి పెన్సిల్ ఇవ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ