పేరును గ్రాఫుగా గీసే పిల్లాడు: ఆపించాలా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ఏదో ఒక పేరు రాసి, దాన్ని సమీకరణాలుగా మార్చి, ఫోన్‌లో డెస్మాస్ అనే గ్రాఫ్ యాప్‌లో గీస్తూ కూర్చుంటాడు. ఎంసెట్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. ముందు ఒకటి కనుక్కోండి. ఆ సమీకరణాలు తనే కడుతున్నాడా, లేక పేరు టైప్ చేస్తే వాటంతటవే వచ్చే టూల్ వాడుతున్నాడా? టూలే అయితే అది కాలక్షేపం, అంతే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. సున్నాకు, తలకట్టుకు సమీకరణాలు రాసి చూపించమనండి. సున్నా వృత్తమే కాబట్టి ఇంటర్ పిల్లలు చాలామంది చెప్పేస్తారు. తలకట్టు దగ్గర పని తెలుస్తుంది. టి అనే చలరాశి విలువ 0 నుంచి 1 దాకా పెరుగుతుంటే, ఎక్స్ = 2టి + టి², వై = 2 − 4టి + 5టి² అనుకుందాం. గీత (0, 2) దగ్గర మొదలై, కిందికి వంగి, (3, 3) దాకా లేస్తుంది. అచ్చంగా తలకట్టే! ఇప్పుడు ఆ 5ను 8 చేస్తే కొస ఎక్కడికి పోతుందని అడగండి. గీయకముందే (3, 6) అన్నాడంటే మీవాడికి లెక్క ఒంటబట్టినట్టే.

ఇలా టితో కట్టే వంపు గీతలను బెజియే వక్రాలంటారు. రెనో కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే 1960ల్లో కారు బాడీ వంపుల కోసం వాడి వీటిని ప్రచారంలోకి తెచ్చారు. మీ ఫోన్‌లోని తెలుగు అక్షరాల అంచులు కూడా ఇలాంటి వక్రాలే. అందుకే ఎంత పెద్దవి చేసినా గళ్లు గళ్లుగా విడిపోవు. నేమ్ బోర్డుల అక్షరాలు కోసే మెషీన్‌కు ఇచ్చేదీ ఈ గీతల ఫైలే.

ఇక చదువు సంగతి. ఫాంట్ల తయారీ ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను, ఆ ఉద్యోగాలు తక్కువ. క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం), యానిమేషన్, గేమ్‌ల గ్రాఫిక్స్‌లోనూ ఇదే లెక్క కావాలి. వాటికి సీఎస్ఈ మంచి దారి, కాబట్టి ఈఏపీసెట్ (మీరన్న ఎంసెట్టే) చదువు ఆగకూడదు. లెక్కల మీదే ప్రాణమైతే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయించండి, నెల్లూరు జిల్లా వాళ్లకు అదేమంత దూరం కాదు. బొమ్మలు గీయడం కూడా వస్తే, డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడ్ ఉంది. ఐఐటీ బాంబే ఏటా జనవరిలో పెడుతుంది, ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, దాంతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ సీటు వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు యూసీడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ ఆదివారం ఒకటి ప్రింట్ తీసిచ్చి, డ్రాయింగ్ భాగం ఎలా చేస్తాడో చూడండి.