ముందు స్నేహం రాయి

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి ముందు కథ కోసం చదివాను, తర్వాత పెన్సిలు పట్టుకుని చదివాను. "పిన్నీ, ఇది ప్రేమకథలా ఉందా లేదా, అది ఒక్కటి చెప్పండి చాలు" అని పైన చీటీ పెట్టావు. ప్రేమకథలాగే ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకునే కథను బెదురు లేకుండా, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా రాశావు. అందుకు నాకు చాలా సంతోషం. లోపం స్నేహంలో ఉంది. అది పలుచగా ఉండటం వల్ల దాని మీద నిలబడాల్సిన ప్రేమ కూడా ఊగుతోంది.

నీళ్లంటే భయపడే ముప్పై రెండేళ్ల మనిషి ఈత నేర్చుకోవడానికి వస్తుంది. నేర్పే ఆమె తక్కువ మాట్లాడుతుంది. ఇంత మంచి ఏర్పాటు ఏ రచయితకైనా అరుదుగా దొరుకుతుంది. భయం, నమ్మకం, చేయి పట్టుకోవడానికి సహజమైన కారణం, అన్నీ ఒకేచోట ఉన్నాయి. మరి నువ్వేం చేశావు? "కొద్ది రోజుల్లోనే ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. నీ నవలంతా ఆ వాక్యంలోనే ఉంది. దాన్ని విప్పి రాయి.

స్నేహం ఎలా కుదిరిందో పాఠకులు కళ్లారా చూడాలి. ముందు ఎవరు ఫోను చేశారు, ఏ సాకుతో చేశారు? ఎవరి దగ్గరా చెప్పని ఏ సంగతి ఈమె దగ్గర నోరుజారింది? వాళ్లిద్దరికి మాత్రమే నవ్వు తెప్పించే మాట ఏది? అన్నిటికంటే ముఖ్యంగా, దేని మీద పోట్లాడుకుంటారు? నీ రాతప్రతిలో వాళ్లు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా విభేదించలేదు. నేర్చుకునే ఆమె ప్రతిదానికీ "క్షమించండి" అంటుందని నువ్వే రాశావు. నేర్పే ఆమెకు అది చిరాకు పుట్టించదా? ఒకరోజు "నీళ్లకు కూడా క్షమాపణ చెబుతారా?" అని విసుక్కోనీ. ఆ విసుగు తర్వాత రెండు రోజుల మౌనం, ముందు ఎవరు మాట్లాడాలన్న పంతం, చివరికి ఎవరో ఒకరు వేరే పని మీద వచ్చినట్లు రావడం రాయి. ఇదంతా చూసిన పాఠకులకు వాళ్లు ప్రాణస్నేహితులని నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ రకం కథకు ప్రాణం ఒక భయంలో ఉంటుంది. మామూలు ప్రేమకథలో "ఒప్పుకుంటుందా లేదా" అన్న ఆందోళన సరిపోతుంది. స్నేహితురాలిని ప్రేమించిన మనిషికి "నోరు విప్పితే ఉన్నది కూడా పోతుందేమో" అన్న బెంగ ఉంటుంది. ఉన్నది ఎంత విలువైనదో చూడని పాఠకులకు ఆ బెంగ ఎలా తగులుతుంది? స్నేహాన్ని ప్రేమ దాకా ఎక్కించే మెట్టుగా వాడుకోకు. ఈ ఇద్దరూ ఎప్పటికీ ప్రేమలో పడకపోయినా, వాళ్ల గురించి చదవాలనిపించాలి.

ఇంకొక సంగతి ఈ కథలకే ప్రత్యేకం. ఇద్దరు ఆడవాళ్లు చేతులు పట్టుకుని నడిచినా, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చినా చూసేవాళ్లు స్నేహమే అనుకుంటారు. అదే ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ అయితే మొదటి పేజీలోనే అందరికీ విషయం అర్థమైపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకపోవడం సరే, నీ కథానాయికకే తెలియదు. భుజం మీద చేయి వేసింది చనువుతోనా, ఇంకేమైనా ఉందా? ఎవరిని అడగాలి? అడిగితే ఏమనుకుంటుంది? ఈ సందేహాన్ని తొందరపడి తేల్చేయకు. సగం నవల వరకూ వాళ్ల మధ్య జరిగే ప్రతి చిన్న పనికీ స్నేహమనే అర్థం కూడా సరిపోవాలి. చేసే పనులు అవే ఉంటాయి, వాటిని గమనించే తీరు మారుతూ ఉంటుంది.

నీ నాలుగో అధ్యాయమే చూడు. వెల్లకిలా తేలడం నేర్పే రోజు. దాన్ని రెండు వాక్యాల్లో ముగించి, తర్వాత మూడు పేజీలు మనసు విప్పి చెప్పుకునే మాటలు రాశావు. ఆ మూడు పేజీలూ కొట్టేసి ఆ రెండు వాక్యాల దగ్గర ఆగు. చెవులు నీళ్లలో మునిగి ఉన్నాయి కాబట్టి ఆమెకు తన ఊపిరి చప్పుడు తప్ప వేరేది సరిగ్గా వినపడదు. నేర్పే ఆమె మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్లు ఉంటాయి. వీపు మధ్యలో ఒక అరచేయి. కాసేపటికి అరచేయి పోయి వేళ్ల కొసలు. ఆమె పైకప్పు చూస్తూ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటోంది. కాస్త తల తిప్పేసరికి నేర్పే ఆమె రెండు చేతులూ గట్టు మీద కనిపిస్తాయి. ఎప్పుడు తీసేసిందో తెలియదు. తను మాత్రం మునగలేదు. ఇక్కడివరకూ ఇది ఈత పాఠం. మర్నాడు ఆమెకు తేలడం వచ్చు, ఆ చేయి అవసరం లేదు. అయినా "ఇంకా భయంగానే ఉంది" అని అబద్ధమాడుతుంది. నేర్పే ఆమె ఒక్క క్షణం ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వీపు కింద చేయి పెడుతుంది. ప్రేమ అనే మాట ఎక్కడా రాకుండానే నీ పాఠకుల గుండె వేగం పెరుగుతుంది.

చదువుతుంటే నన్ను మాటిమాటికీ ఆపేసింది ఇలాంటి వాక్యం: "ఆమె ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది." ఎవరి చేయి, ఎవరి చేతిలోకి? ఇద్దరూ ఆడవాళ్లైన కథలో ఈ చిక్కు ప్రతి పేజీలోనూ వస్తుంది. పైగా వాళ్ల పేర్లు ఒకే అక్షరంతో మొదలై ఒకేలా ముగుస్తున్నాయి. ఒక పేరు మార్చు. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కరి కళ్లతోనే నడుపు. చూసే మనిషి ఎవరో స్థిరంగా ఉంటే, కర్తను చెప్పకుండానే తెలుగు వాక్యం హాయిగా నడుస్తుంది, "ఆమె" అనే మాట రెండో మనిషికి మిగులుతుంది. "పొడుగాటి అమ్మాయి", "ఉంగరాల జుట్టు అమ్మాయి" అని మాత్రం తప్పించుకోకు. తాను ప్రేమించే మనిషిని ఎవరూ అలా ముక్కూముఖం తెలియనివాళ్లలా చూడరు. అన్నట్లు, "మీరు"తో మొదలైనవాళ్లు ఏడో అధ్యాయంలో ఉన్నట్టుండి "నువ్వు" అనుకుంటున్నారు. అంత మంచి మలుపును చేతులారా వదిలేస్తావా? ముందు ఎవరి నోట జారింది? రెండో ఆమె ఉలిక్కిపడిందా, విననట్లు ఉండి ఆ రాత్రంతా తలుచుకుందా? దానికి ఒక పేజీ ఇవ్వు.

కథానాయిక గతంలో ఒక మగవాడి చేతిలో మోసపోయిందన్న భాగం మొత్తం తీసేయమంటాను. ఒక స్త్రీని ప్రేమించడానికి ముందు ఎక్కడో దెబ్బ తగిలి ఉండాలన్నట్లు ఉంది అది. ఆ ప్రేమకు ఎదురుగా ఉన్న మనిషే కారణం, వేరే కారణం చూపించనక్కర్లేదు. అడ్డంకి కావాలంటే నీ కథలోనే పెద్దది ఉంది. నేర్పే ఆమెకు తాను స్త్రీలను ప్రేమిస్తానని పదహారో ఏటి నుంచీ తెలుసు. నేర్చుకునే ఆమెకు ముప్పై రెండో ఏట తెలుస్తోంది. మొదటి ఆమె ఇదివరకే ఒకసారి ఎవరి ఊగిసలాటకో బలైంది, మళ్లీ అందులో ఇరుక్కోవడం ఆమెకు ఇష్టం ఉండదు. రెండో ఆమెకు తనను తాను అర్థం చేసుకోవడానికి సమయం కావాలి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఒకరినొకరు ఎంత బాధపెట్టుకోగలరో చూడు. ఇంట్లోవాళ్లు, లోకం, వాళ్ల మాటలు కథలో ఉండనీ. అవి లేవన్నట్లు రాస్తే అబద్ధమవుతుంది. పగ్గాలు మాత్రం ఈ ఇద్దరి చేతుల్లోనే ఉంచు.

శరీరాల దగ్గరతనం ఎంతవరకు రాయాలని అడిగావు. ఎంత రాసినా, ఎంత దాచినా నీ ఇష్టం. ఆ గదిలోకి మూడో మనిషి తొంగిచూస్తున్నట్లు మాత్రం రాయకు.

ఇక చివరి అధ్యాయం. ఎందుకమ్మా ఇద్దరిలో ఒకరిని ప్రమాదంలో చంపేశావు? ఆ ముగింపు నీకు తెలియకుండానే పాత పుస్తకాల నుంచి నీ చేతికి వచ్చింది. 1928లో వచ్చిన ఇంగ్లండు రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ నవల 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్'లో కథానాయిక తన ప్రియురాలిని తానే ఒక మగవాడి వైపు పంపేసి ఒంటరిగా మిగులుతుంది. అంత త్యాగం చేయించినా ఇంగ్లండు కోర్టు ఆ పుస్తకం అశ్లీలమని తేల్చి ప్రతులను ధ్వంసం చేయమంది. 1952లో అమెరికాలో మారిజేన్ మీకర్ 'విన్ ప్యాకర్' అనే కలం పేరుతో 'స్ప్రింగ్ ఫైర్' రాసినప్పుడు, సుఖాంతమైతే తపాలా శాఖ ఆ పుస్తకాన్ని టపాలో వెళ్లనివ్వదని సంపాదకుడు ముందే చెప్పాడు. దాంతో ఆ నవలలో ప్రేమించుకున్న ఇద్దరిలో ఒక అమ్మాయికి మతి చలించింది, రెండో అమ్మాయి తాను ఆమెను ఎన్నడూ ప్రేమించలేదనే నిర్ణయానికి వచ్చింది. అదే ఏడాది పట్రీషియా హైస్మిత్ కూడా మారుపేరుతోనే 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' ప్రచురించింది. అందులో ఇద్దరు స్త్రీలూ చివరికి ఒకరి దగ్గరికి ఒకరు వస్తారు. ఆ ముగింపు చూసి కృతజ్ఞతతో పాఠకులు రాసిన ఉత్తరాలు ఆమెకు నెలల తరబడి అందాయి. అసలు పేరుతో ఆ పుస్తకం రావడానికి మాత్రం 1990 దాకా పట్టింది.

నీ మెడ మీద అలాంటి కత్తి ఏదీ లేదు. విషాదం రాయకూడదని నేను అనను. అయితే నీ కథలో ఆ ప్రమాదానికి వెనక ఏ పేజీలోనూ విత్తనం పడలేదు. ప్రేమ దొరికిన వెంటనే ఇక ఏం రాయాలో తోచక చంపినట్లుంది. రాయడానికి ఎంతో ఉంది. ఇద్దరూ కలిసి ఉండటం మొదలుపెట్టాక, ఆ పాత స్నేహం ఏమైంది? ఇదివరకు మనసు బాగాలేకపోతే స్నేహితురాలికి ఫోను చేసేది. ఇప్పుడు మనసు బాధపెట్టింది ఆ స్నేహితురాలే అయితే ఎవరికి చేయాలి? ఇలాంటిచోట ఆ ఇద్దరూ ఏం చేస్తారో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ప్రస్తుతానికి నాలుగో అధ్యాయం ఒక్కటి తిరగరాసి పంపు, చివరిదాన్ని ఇప్పుడే ముట్టుకోకు. ఇలాంటి ప్రేమలో బతుకుతున్న స్త్రీలలో నీకు నమ్మకమైనవాళ్లకు రాతప్రతి చదవడానికి ఇవ్వు. "ఇలా ఉండదు" అని వాళ్లన్నచోట వాదించకుండా రాసుకో. మూడో అధ్యాయంలో ఆమె మొదటిసారి నీళ్లలో ముఖం ముంచే పేరా ఉంది చూడు, అందులో ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఆశీస్సులతో,
నీ పిన్ని