హాస్టల్ వరండా: మత్తు గురించి ఈ నెల మీ ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. అందుకే చదువుల గురించి, ర్యాంకుల గురించి అడిగినవాళ్ళకు వచ్చే నెల జవాబిస్తాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ఒక్క మాట. నేను నెల్లూరు జిల్లాలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అందులో 14 ఏళ్ళు హాస్టళ్ళ వార్డెన్‌గా ఉన్నాను. డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. చూసిందీ, నేర్చుకున్నదీ రాస్తున్నాను. ఉత్తరాల్లోని గుర్తులు మార్చాను.

ప్రశ్న: మా వాడు నెల్లూరు దగ్గర ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఉతకడానికి బట్టలు తీస్తుంటే బ్యాగులో చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో ఎండిన ఆకులాంటిది, సన్నటి కాగితాల పుస్తకం దొరికాయి. ఇంట్లో ఆయనకు చెబితే కొట్టి చంపుతారు. కాలేజీకి చెబితే టీసీ చేతిలో పెడతారు. మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు మేడమ్.
— ఒక తల్లి, పొదిలి వైపు

జవాబు: అమ్మా, మీకు ఆ వారమే ఫోన్‌లో చెప్పాను. మీలాంటి తల్లులు ఇంకా ఉన్నారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

ముందు ఆ గంజాయి కవరు సంగతి. రుజువుగా ఉంటుందని బీరువాలో దాచకూడదు. సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, వార్డెన్‌కు చూపించడానికి అసలే తీసుకెళ్ళకూడదు. ఎవరి దగ్గర దొరికితే వాళ్ళనే చట్టం అడుగుతుంది. మీరు వాడి చేతనే పారబోయించి నీళ్ళు కొట్టించారు. మంచి పని చేశారు.

తర్వాత వాడితో మాట. తల్లులు మొదట అడిగేది "ఎవడు నేర్పాడు నీకు?" అని. ఆ ఒక్క ప్రశ్నతో పిల్లవాడి నోరు మూతపడుతుంది, ఎందుకంటే స్నేహితుడి పేరు చెప్పాల్సి వస్తుంది. ఎన్నాళ్ళనుంచి, వారానికి ఎన్నిసార్లు, ఒక్కడివే ఉన్నప్పుడు కూడా తాగుతున్నావా, ఈ మూడూ అడగండి. నలుగురిలో ఎప్పుడో ఒకసారి తాగేవాడి సంగతి వేరు, పొద్దున లేవగానే కావాల్సినవాడి సంగతి వేరు. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు గది తలుపు కింద తుండుగుడ్డ, పగలే వెలిగించిన అగరొత్తులు, బల్ల మీద కళ్ళలో వేసుకునే చుక్కల సీసా చూసి అనుమానపడేదాన్ని. కానీ ఎక్కువసార్లు నిజమైంది ఇంకొక గుర్తు. రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడే కుర్రాడు ఆట మానేసేవాడు. ఆట, మెస్సు, మొదటి పీరియడు, ఈ మూడూ వరసగా పోతే ఏదో ఉంది.

వాళ్ళ నాన్నగారికి చెప్పకుండా ఉండలేరు. అయితే మీరొక్కరే చెప్పొద్దు. మీ అన్నో తమ్ముడో ఉంటే ముందు ఆయనకు చెప్పి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మన వైపు ఇళ్ళలో మేనమామ ఉన్నచోట చెయ్యి లేవడం తక్కువ.

చట్టం గురించి మీ భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అందరూ ఎన్డీపీఎస్ అంటారే, దాని ప్రకారం గంజాయి తాగడం నేరమే, ఆరు నెలల వరకు జైలు గానీ పదివేల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. దగ్గర ఉంచుకోవడం ఇంకో నేరం. కిలో లోపయితే కేసే ఉండదని హాస్టళ్ళలో పిల్లలు ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. అది అబద్ధం. కిలో వరకు 'చిన్న మొత్తం' అని లెక్క, దానికీ ఏడాది దాకా శిక్ష ఉంది. అయితే అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు వెళ్ళి పూర్తిగా తీసుకుంటే, తాగినందుకూ చిన్న మొత్తం ఉంచుకున్నందుకూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ ఒక్క సెక్షన్ ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీదా తెలుగులో రాసి ఉండాలని నా కోరిక. శిక్షల అంకెలే రాస్తారు.

నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ ఒంగోలు రిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళొచ్చు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14446 మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, 14416 మానసిక ఆరోగ్యం కోసం ఉన్న హెల్ప్‌లైన్ టెలీమానస్. ఇంకొకటి గుర్తుంచుకోండి. రోజూ తాగేవాడు మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే విసుక్కుంటాడు, పిచ్చి కలలు వస్తాయి. రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది, నిద్ర కుదురుకోవడానికి ఇంకొంచెం పట్టొచ్చు. ఆ విసుగును పొగరనుకుని ఇంట్లో గొడవ పెట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. కానీ ఎవరో వెంటపడుతున్నారనీ చెవిలో మాటలు వినిపిస్తున్నాయనీ అంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: నేను ఒంగోలు దగ్గర ఒక క్యాంపస్‌లో అసిస్టెంట్ వార్డెన్‌ని. మేడ మీద నలుగురు పిల్లలు గంజాయితో దొరికారు. ఒక పెద్దాయన, అడ్మిషన్ల సమయం, బయటికి పొక్కనివ్వద్దంటున్నారు. ఇంకొకాయన, నలుగురికీ టీసీలిచ్చి పంపేస్తే మిగతావాళ్ళు భయపడతారంటున్నారు. రిపోర్టు రాయాల్సింది నేను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఆ రెండో పని నేను చేశాను. చెబుతాను వినండి.

2011లో మా బాయ్స్ హాస్టల్లో ఇద్దరు దొరికారు. పొద్దున కమిటీ వేశాం, సాయంత్రానికి టీసీల మీద సంతకాలు అయ్యాయి. అందులో ఒక సంతకం నాది. ఒక కుర్రాడి నాన్న కనిగిరి వైపు పొగాకు రైతు. ఆకు ఎండబెట్టే బ్యారన్‌లో మంట నడుస్తుంటే పక్కవాళ్ళకు అప్పగించి వచ్చాడు. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని నన్నడిగాడు: "ఏందమ్మా, వాడికి కామెర్లు వస్తే ఆస్పత్రిలో చేర్పించి మాకు ఫోన్ చేశారు. దీనికి మటుకు మూటాముల్లె సర్దించారు." నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి డిగ్రీ పూర్తి చేయలేదు. నెల తిరగకుండా అదే బ్లాకులో ఇంకో ముగ్గురు దొరికారు. సరుకు తెచ్చిచ్చేవాడు మా గేటు దగ్గరే తిరుగుతున్నాడు, వాడిని మేం అడగనే లేదు. ఇద్దరు పిల్లల్ని పంపించి పని అయిపోయిందనుకున్నాం.

1992లో మన నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు మీరూ వినే ఉంటారు. వాళ్ళు దుకాణం మూయించారు, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. తాగే మొగుళ్ళు మాత్రం వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నారు, వాళ్ళ చేతి కూడే తిన్నారు. ఆ పోరాటం ఊరూరా పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్ళింది. ఇంత దగ్గర ఉండి, ఆ తేడా నాకు 2011లో తట్టలేదు.

కాబట్టి మీ రిపోర్టులో తాగినవాళ్ళనూ తెచ్చినవాణ్ణీ ఒకే వాక్యంలో రాయకండి. నలుగురిలో ఒకడు మిగతావాళ్ళకు అమ్ముతుంటే వాడి సంగతి వేరుగా రాయండి, అది పోలీసుల పని. మన జిల్లాల గుండా కలకత్తా–చెన్నై హైవే పోతుంది, రైలు మార్గం కూడా పోతుంది. ఏజెన్సీ వైపు నుంచి దక్షిణాదికి వెళ్ళే సరుకు ఈ దారిలోనే పోతుంది, కొంత దారిలో దిగుతుంది. అది ఏ ఆటోలో, ఏ టీ బంకు దాకా, ఏ పార్శిల్ కవరులో మీ గేటుకు వస్తోందో కనుక్కోవడం వార్డెన్ ఒక్కడి వల్ల కాదు. రాష్ట్రంలో మత్తు సరుకు రవాణాను అరికట్టే ఈగల్ అనే పోలీసు విభాగం ఉంది, 1972కు ఫోన్ చేయొచ్చు.

బయటికి పొక్కనివ్వద్దన్న పెద్దాయనకు గౌరవంగానే ఒక సంగతి చెప్పండి. తన అధీనంలో ఉన్న గదిలో ఈ నేరం జరగడానికి తెలిసీ ఒప్పుకున్నవాళ్ళకు కూడా ఎన్డీపీఎస్ చట్టంలోని 25వ సెక్షన్ శిక్ష చెబుతుంది. ఆ రోజే, తేదీ వేసి, రాతపూర్వకంగా పైకి పంపండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

సోదాల గురించి గట్టిగా చెబుతున్నాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి జేబులు చూడటం, దాన్ని ఎవరో సెల్‌లో తీసి గ్రూపుల్లో పెట్టడం నేను చూశాను. అలా బజారుకెక్కిన పిల్లవాడు మళ్ళీ ఏ లెక్చరర్ దగ్గరికీ వచ్చి నిజం చెప్పడు. మూత్ర పరీక్షలు చేయిద్దామంటారు. రోజూ తాగేవాడు మానేసినా మూడు నాలుగు వారాలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ రోజులు పరీక్షలో పడుతుంది, ఎందుకంటే గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిలవుండి మెల్లగా బయటికొస్తుంది. మానేసే ప్రయత్నంలో ఉన్నవాణ్ణి ఆ కాగితం చూపి దొంగను చేయొద్దు. పరీక్ష డాక్టరు చికిత్స కోసం చేయించాలి, కమిటీ శిక్ష కోసం చేయించకూడదు.

తాగినవాళ్ళను ఆసుపత్రికి పంపండి. తల్లిదండ్రుల్ని పిలిపించండి. ఒక సెమిస్టరు హాస్టల్ బయట ఉండాల్సి వచ్చినా క్లాసులు పోకుండా చూడండి. తిరిగొచ్చాక వారానికి ఒకసారి వాళ్ళతో కూర్చోవడానికి ఒక మనిషి కావాలి. లెక్చరరే కానక్కర్లేదు. మా దగ్గర ఆ పని అందరికన్నా బాగా చేసింది లైబ్రరీలో పనిచేసే ఒకాయన. ఊరికే టీ తాగించేవాడు, మాట్లాడించేవాడు. ఆయన అలా కూర్చోబెట్టుకున్నవాళ్ళలో ఏడుగురు పట్టాలు తీసుకోవడం నేను చూశాను.

ప్రశ్న: నేను యూనివర్సిటీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. మా బస్సు డ్రైవరు ఒకరు పొద్దున్నే తాగి వస్తున్నారు. మంచి మనిషి, ముగ్గురు ఆడపిల్లలు. అందరం కప్పిపుచ్చుతున్నాం. పిల్లలకేమో మత్తు వద్దని ర్యాలీలు చేయిస్తున్నాం.
— నెల్లూరు

జవాబు: మీ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పిల్లలు అన్నీ చూస్తారమ్మా. బస్సులో ముందు సీట్లో కూర్చునే అమ్మాయికి ఆ వాసన మీకన్నా ముందే తెలుసు.

రేపటి నుంచే ఆయన స్టీరింగు పట్టకూడదు. ఇందులో జాలికి చోటు లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలో పదివేల జరిమానానో రెండూనో ఉంటాయి. పొద్దున తాగకపోయినా, రాత్రి బాగా తాగినవాడి ఒంట్లో పొద్దుటికీ మిగిలి ఉండొచ్చు. రవాణా చూసే అధికారికి మీ నలుగురూ కలిసి రాసివ్వండి. ఒక్కరే రాస్తే పగ మీ ఒక్కరి మీద పడుతుంది. ఆ కాగితంలోనే ఉద్యోగం తీయమని కాకుండా డ్యూటీ మార్చమనీ, చికిత్సకు సెలవు ఇప్పించమనీ అడగండి.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. చాలాకాలంగా రోజూ తాగేవాడు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మనిషి మతి తప్పి లేనివి కనబడొచ్చు. "దేవుడి మాల వేసుకున్నాడు, ఇక తాగడు" అని ఇంట్లో వదిలేయొద్దు. ఆసుపత్రిలోనే, డాక్టరు మందులతోనే మాన్పించాలి. ఆయన భార్యకు ఈ సంగతి చెప్పేది మీలో ఒక ఆడమనిషి అయితే మంచిది.

ప్రశ్న: మా గేటుకు ఎదురుగానే సిగరెట్లు, గుట్కా అమ్ముతున్నారు. అడిగితే మా బతుకు అంటున్నారు. ఎవరికి చెప్పాలి?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు వస్తువులు అమ్మకూడదు. మీ ప్రిన్సిపాల్ చేత మున్సిపల్ కమిషనర్‌కూ పోలీస్ స్టేషన్‌కూ ఉత్తరం రాయించండి. సంతకాలు మీరు సేకరించండి. ఈ-సిగరెట్లయితే 2019 నుంచి దేశమంతా అమ్మకం, నిల్వ రెండూ నిషేధం. బంకాయన బతుకు మాట నిజమే. వంద గజాల అవతలికి జరుపుకోవచ్చు, లేదంటే అక్కడే జ్యూసో టిఫినో పెట్టుకోవచ్చు. మీ హాస్టల్ వాళ్ళంతా అక్కడే తింటామని మాటిస్తే ఆయనే ఆలోచిస్తాడు.

ప్రశ్న: మా గదిలో అమ్మాయి పరీక్షల టెన్షన్‌కని ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు మింగుతోంది. మొదట సగం, ఇప్పుడు రోజుకు రెండు. అల్ప్రాజోలం అని షీటు మీద ఉంది. గంజాయి కాదు కదా, పర్వాలేదా మేడమ్?
— పీజీ విద్యార్థిని

జవాబు: పర్వాలేదని చెప్పలేను తల్లీ. ఆడపిల్లల హాస్టల్లో మత్తు ఎక్కువగా ఈ రూపంలోనే వస్తుంది, పొగ రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ మందు కూడా ఎన్డీపీఎస్ చట్టం కిందికే వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. మీ ఫ్రెండుకు చీటీ లేకుండా వచ్చిందంటే దాన్ని ఇచ్చేవాళ్ళు ఇంకా ఎందరికో ఇస్తున్నారు.

సగం నుంచి రెండుకు వచ్చిందంటే ఒంటికి అలవాటు పడుతోంది. మీరు షీటు లాక్కుని కిటికీలోంచి విసిరేయొద్దు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపిస్తారు. పరీక్షలయ్యాక చూద్దామంటుంది, ఒప్పుకోకండి. ఈ వారమే ఒక పూట సెలవు పెట్టించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, షీటు కూడా పట్టుకెళ్ళండి, లోపలికి మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి. మీ వార్డెన్‌కు చెప్పడానికి భయంగా ఉంటే నాకు రాయండి, ఆమెతో నేను మాట్లాడతాను.