పెట్టె నాలుగు రోజులు ఆలస్యమైతే పరిహారం ఎంత?

ప్రశ్న: గత నెల 30న బెంగళూరు నుంచి విశాఖకు విమానంలో వచ్చాను. చెక్-ఇన్‌లో వేసిన సూట్‌కేసు రాలేదు. మర్నాడే చెల్లి పెళ్లి. పెట్టుబడి చీరలు, నా బట్టలు అందులోనే ఉన్నాయి. అప్పటికప్పుడు మళ్లీ కొన్నాం. చుట్టాల ముందు తల కొట్టేసినట్టయింది. కాల్ సెంటర్‌కు ఎన్నోసార్లు ఫోన్ చేస్తే ఈ నెల 3న పెట్టె ఇంటికి పంపారు. రెండు లక్షలు అడగొచ్చా? తెలిసిన షాపాయన ఎంతకైనా బిల్లు రాసిస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఉత్తరమంతా పెళ్లి గురించే రాశారు. మీ కేసు తేలేది మాత్రం పెట్టె చేతికొచ్చిన 3వ తేదీ మీద. వాయు రవాణా చట్టం, 1972 మూడో షెడ్యూలు ప్రకారం, సామాను ఆలస్యంగా అందితే అందిన రోజు నుంచి 21 రోజుల్లో విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అంటే 24వ తేదీ ఆఖరు. ఎన్ని ఫోన్లు చేసినా రాత కిందికి రావు. గడువు దాటితే, సంస్థ మోసం చేసిందని చూపిస్తే తప్ప దావా చెల్లదు. పెట్టె పగిలి వచ్చుంటే గడువు ఏడు రోజులే, ఈపాటికి చేయి దాటిపోయేది.

కాబట్టి ఇది చదివిన రోజే సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టి, అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. టికెట్ పీఎన్‌ఆర్, ట్యాగు మీది పదంకెల నంబరు, పెట్టె అందిన తేదీ, కొన్న బట్టల లెక్క అందులో ఉండాలి. సామాను రాలేదని విమానాశ్రయం కౌంటర్‌లో రాసిచ్చే ‘పీఐఆర్’ రిపోర్టు సంగతి మీరు ఎత్తనే లేదు. విశాఖ విమానాశ్రయం కోడ్ వీటీజెడ్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది దాని మీద. తీసుకోకుండా బయటికొచ్చేశారంటే అంతకు మించిన అజాగ్రత్త లేదు. తీసుకునుంటే వెతకండి. లేదంటే పెట్టె అప్పగించినప్పుడు సంతకం చేసిన రసీదు, కాల్ సెంటర్ మెసేజీలు దాచండి. ఫోను మార్చకండి.

ఇక డబ్బు. దేశీయ ప్రయాణంలో సామానుకు పరిమితి మనిషికి 20,000 రూపాయలు. చెక్-ఇన్ వేళ విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టినవారికే ఎక్కువ వస్తుంది. పైగా పెట్టె తిరిగొచ్చింది కనుక లోపలి చీరల ధర నష్టం కాదు, ఆలస్యం వల్ల తప్పక కొన్నవే నష్టం. మనోవేదన కింద వినియోగదారుల కమిషన్లు విడిగా కొంత ఇప్పించడం ఉంది, కానీ రెండు లక్షల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆ షాపాయన బిల్లు ముట్టుకోకండి. బిల్లు వరస నంబరు, జీఎస్టీ రిటర్నులు అవతలి వకీలు అడిగితే ఒక్క వాయిదాలో బయటపడుతుంది. వినియోగదారుల కమిషన్ విచారణ న్యాయ విచారణ కిందే లెక్క. అక్కడ దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు. మూడు వేల నిజం బిల్లుంటే మూడు వేలే అడగండి.

సంస్థ దారికి రాకపోతే మీరుండే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, బెంగళూరు వెళ్లనక్కర్లేదు. కట్టిన ధర (ఇక్కడ టికెట్ డబ్బు) 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కమిషన్ల వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. దాన్ని విమానం విశాఖలో దిగిన 30వ తేదీ నుంచి లెక్కేసుకోండి, సంస్థ జవాబిచ్చిన రోజు నుంచి కాదు.