రంగు పూసుకునేది బ్యాక్టీరియానే

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. వారంలో రెండు మూడు రాత్రులు ల్యాబ్‌లోనే. అడిగితే "బ్యాక్టీరియా గోడ ఎలా కట్టుకుంటుందో హాడా అనే రంగు పెట్టి చూస్తున్నానమ్మా" అంటుంది. దానికి అర్ధరాత్రి, చీకటి గది ఎందుకండీ? గోడకి రంగేసి చూడ్డానికి అయిదేళ్లా?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు రాత్రుల సంగతి. నేనూ ఈ ఊళ్లోనే ఆ చీకటి గదుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్నే. మంచి మైక్రోస్కోప్ ఒకటే ఉంటుంది. పగటి స్లాట్లు సీనియర్లు ముందే బుక్ చేసేస్తారు, పిల్లలకి మిగిలేది రాత్రి పదకొండు తర్వాతే. ఇక చీకటెందుకంటే, ఆ రంగు వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. అసలు కష్టం ఏసీతోనే. స్వెట్టర్ ఇచ్చి పంపండి.

మామూలు రంగు వేస్తే పాతగోడేదో, ఇప్పుడే కట్టిందేదో తెలీదు. హాడా అలా కాదు. మన ఒంట్లో ప్రొటీన్లన్నీ ఎల్-రకం అమైనో ఆమ్లాలతో తయారవుతాయి. బ్యాక్టీరియా మాత్రం గోడలో డీ-రకం కూడా వాడుతుంది. ఎల్, డీ అంటే కుడిచేయి, ఎడమచేయి లాంటివి: ఒకదానికొకటి అద్దంలో బొమ్మ. 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ అలవాటునే పట్టుకున్నారు. డీ-అమైనో ఆమ్లానికి మెరిసే రంగు తగిలించి వదిలితే, గోడలో ముడులు వేసే ఎంజైములు తేడా కనిపెట్టలేక దాన్నీ అతికించేశాయి. అంటే రంగు మనం వేయడం లేదు, కట్టే చోట అదే పూసుకుంటోంది. పెన్సిలిన్ వెళ్లి పట్టుకునేదీ ఆ ఎంజైములనే.

నేను మొదటిసారి చేసింది బాసిల్లస్ సబ్‌టిలిస్ మీద. మట్టిలో ఉండే సాధు జీవి. రెండు నిమిషాలు హాడాలో ఉంచి, ఐస్‌లో పెట్టిన ఆల్కహాల్ పోసి ఆపేశాను. కడగడం సరిగ్గా చేయలేదు. తెర మొత్తం నీలంగా వెలిగిపోయింది. మా గైడ్ వెనక నిలబడి "ఏమ్మా, దీపావళా?" అన్నారు. మర్నాడు మూడుసార్లు కడిగితే కనిపించింది: చీలబోతున్న కణం నడుముకి అడ్డంగా, సూదితో గీసినట్టు ఒక నీలి గీత. కణం మొత్తం రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో! అదే క్షయ బ్యాక్టీరియా అయితే నడుమే కాదు, కొనలూ మెరుస్తాయి. అది పెరిగేది అక్కడే మరి.

అయిదేళ్లెందుకంటారా? లోపలి ఒత్తిడికి గోడ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. ఎక్కడ పెద్ద చిల్లు పడినా కణం పగిలిపోతుంది. అయినా పెరగాలంటే పాత గోడ కోసి కొత్తది చొప్పించాల్సిందే. కాపురం చేస్తున్న ఇంటినే, ఒక్క చుక్క వాన లోపలికి రాకుండా పెంచుకున్నట్టు. ఎక్కడ కోయాలో, ఎప్పుడు ఆగాలో ఆ కణానికి ఎలా తెలుస్తోందన్నదే మీ అమ్మాయి తిప్పలు.

ఈ కిటుకు ఎంత పనికొస్తుందో చూడండి. కంటి జబ్బు ట్రకోమా తెచ్చే క్లమీడియా అనే బ్యాక్టీరియా ఉంది. పెన్సిలిన్ పడితే ఇబ్బంది పడేది, కానీ దానిలో గోడ పదార్థం ఎంత వెతికినా దొరికేది కాదు. ఇలాంటి డీ-అమైనో ఆమ్లాల కిటుకుతోనే 2014లో పట్టుకున్నారు: చీలే కణం నడుమ సన్నటి ఉంగరంలా ఉంది, అంతే.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఫోన్‌లో బొమ్మ చూపించమనండి. గీత నడుమనుందా, కొనలనుందా అని మీరే అడగండి. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర ఉండదు!