లంచ్ ముందు 'ఎ' ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు?

"ఐ హాడ్ లంచ్" అన్నప్పుడు లేని 'ఎ', "ఐ హాడ్ ఎ హెవీ లంచ్" అనగానే ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడిగారు. చదువుకు ఇంగ్లండులోని లీడ్స్ వెళ్తున్నారు కనుక, అక్కడివారు 'టీ'కి పిలిస్తే ఏమనుకోవాలో కూడా చెప్పమన్నారు. శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలంగా ఇంగ్లీషు చెబుతున్న అనుభవంతో రాస్తున్నాను.

బ్రేక్‌ఫస్ట్, లంచ్, డిన్నర్ అనేవి రోజూ జరిగే పూట భోజనాన్ని చెప్పినంతవరకు వాటి ముందు ఆర్టికల్ పెట్టరు. "వాట్స్ ఫర్ డిన్నర్?", "షీ ఈజ్ ఎట్ లంచ్" ఇటువంటివే. ఆ భోజనం ఎటువంటిదో చెప్పడం మొదలుపెట్టామంటే అది ఎన్నో భోజనాల్లో ఒకటవుతుంది కనుక 'ఎ లైట్ బ్రేక్‌ఫస్ట్' అంటారు. ఫలానా రోజు అరసవల్లిలో తిన్న భోజనమని ఇద్దరికీ తెలిసి ఉంటే 'ద లంచ్' అంటారు. అయితే ముందు మరో మాట చేరితే చాలు 'ఎ' పెట్టాలని చెప్పే గైడ్లను గుడ్డిగా నమ్మకండి; 'సండే లంచ్', 'క్రిస్మస్ డిన్నర్' వంటివి ఆనవాయితీకి పేర్లు కనుక సాధారణంగా ఆర్టికల్ లేకుండానే వాడతారు.

మన పిల్లలను నిజంగా తికమకపెట్టేది 'మీల్'. ఇది లెక్కపెట్టగలిగే మాట కనుక ఒక పూట తిన్నదానికి 'ఎ మీల్' అనే అనాలి. కానీ మన ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాల్లో "మీల్స్ రెడీ" బోర్డు చూసి లోపలికి వెళితే, అన్నం, పప్పు, సాంబారు, పెరుగుతో వచ్చే ఒక్క విస్తరినే మీల్స్ అంటారు. అదే అలవాటుతో "ఐ హాడ్ మీల్స్" అంటే, ఇంగ్లండులో వినేవారికి రెండు మూడు పూటలు తిన్నారేమో అనిపిస్తుంది. అక్కడ "ఐ హావ్ ఈటెన్" అంటే సరిపోతుంది. (మనం అనే "టుక్ లంచ్" కూడా అక్కడ "హాడ్ లంచ్" అవుతుంది.)

ఇక టీ సంగతి. లీడ్స్ ఉన్న ఉత్తర ఇంగ్లండులో చాలా ఇళ్లలో మధ్యాహ్న భోజనాన్ని డిన్నర్ అనీ, సాయంత్రం భోజనాన్ని టీ అనీ అంటారు. అటువైపు ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థిని ఒకామె, తోటి ఉద్యోగి "కమ్ రౌండ్ ఫర్ టీ" అంటే బిస్కెట్లు ఉంటాయనుకుని, ఇంట్లో కడుపునిండా అన్నం తిని వెళ్లిందట. బల్ల మీద ఉడికించిన బంగాళాదుంపలు, చేపతో పూర్తి భోజనం సిద్ధంగా ఉంది. ఇక్కడా ఆర్టికలే కొంత ఆధారం: 'ఫర్ టీ' అంటే భోజనం కావచ్చు, 'ఫర్ ఎ కప్ ఆఫ్ టీ' అంటే మాత్రం తాగే టీయే. ఎన్ని గంటలకు రమ్మంటారో అడగండి. ఐదున్నర, ఆరు అంటే ఏమీ తినకుండా వెళ్లండి.